చిలకపచ్చ దారప్పురుగు

దర్జీకి రెండే గర్వాలు. తను కుట్టిన జాకెట్టు ఎవరికీ చంకలో పట్టేయదన్నది ఒకటి. గాలానికి బతికున్న గొంగళిపురుగును తప్ప మరొకటి గుచ్చనన్నది రెండోది. మొదటిదాని గురించి పెద్దగా మాట్లాడేవాడు కాదు. రెండోదాన్ని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. దుకాణం వెనక చెట్టు ఆకుల అడుగున పురుగులు ఏరి, మూతకు చిల్లులు పెట్టిన బొత్తాల డబ్బాలో వేసుకుని, సెలవు రోజు పొద్దున్నే నది ఒడ్డుకు వెళ్ళేవాడు.

అతని బావమరిది గడియారాలు బాగుచేసేవాడు. రబ్బరు పురుగులూ, రేకు చేపపిల్లలూ కొనితెచ్చి ఒక పెట్టెలో ముచ్చటగా సర్దుకునేవాడు. ఒకసారి ఒడ్డున పదిమంది ఉండగా అతనికి మంచి చేప పడింది. దర్జీకి ఆ పూట ఏమీ పడలేదు. కడుపు మండి నోరు జారాడు.

“చేపకే దొంగ ఎర వేసేవాడు, గడియారంలో అసలు సామాను వేస్తాడని నమ్మకమేమిటి?”

అందరూ ఘొల్లుమన్నారు. నవ్వు అక్కడితో ఆగలేదు. ‘రబ్బరు పురుగు’ అన్న పేరు గడియారాల కొట్టు దాకా నడిచి వెళ్ళింది. వచ్చినవాడల్లా “ఇందులో ముల్లు నిజందేనా, రబ్బరుదా?” అని అడగడం, అతను భూతద్దం కంటికి పెట్టుకుని తల వంచుకోవడం. అక్క ఇంటికి రావడం మానేశాడు. దర్జీ భార్య తమ్ముడి ఊసెత్తడమే మానేసింది.

ఆ తర్వాత కుట్టుపని ముమ్మరమై దర్జీ డబ్బా సంగతి మరిచిపోయాడు. తీరా నదికి బయల్దేరుతూ మూత తీస్తే ఒక్క పురుగూ లేదు. అన్నీ గూళ్ళు కట్టుకుని గోధుమరంగు గింజల్లా డబ్బాకు అతుక్కుని ఉన్నాయి. చెట్టు మీదా అదే వరస. పురుగు లేదని చెప్పి ఒడ్డున ఊరికే కూర్చోవడానికి అహం ఒప్పుకోలేదు. మిషను మీద బావమరిది భార్య జాకెట్టు ఉంది; మాటలు ఆగిపోయినా ఆమె కుట్టు మాత్రం వేరేచోట ఇవ్వలేదు. దానికని తెచ్చిన చిలకపచ్చ దారాన్ని గాలం కాడకు చుట్టి, కొసలు దువ్వి నూగు లేపి, నల్లదారంతో రెండు కళ్ళు ముడేశాడు. చూస్తే పాకుతుందేమో అన్నట్టుంది.

దాన్ని మింగిన చేప మూరెడు పొడుగుంది. గాలం గొంతు దాటి లోపలికి పోయింది. తీద్దామని వంగేసరికి పక్కవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. దర్జీ గాలం తాడును చేప నోటి దగ్గరే పుటుక్కున కొరికేశాడు.

“ఏం ఎర గురూ?”

“ఇంకేముంటుంది? బతికున్నదే,” అన్నాడు. నాలుక తడబడనైనా లేదు.

ఇంట్లో గుట్టుగా కోసి గాలం తీసేద్దామనుకున్నాడు. చేతులు కడుక్కుని వచ్చేసరికి భార్య ఒక చేత్తో చేప సంచి, ఇంకో చేత్తో కుట్టిన జాకెట్టు పొట్లం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“పదండి, తమ్ముడింటికి. మాట అన్నది మీరు, మెట్టు దిగాల్సిందీ మీరే.”

“కోసి పట్టుకెళ్దామే...”

“వాళ్ళింట్లో కత్తిపీట లేదా?”

అక్కడా అంతే. “నేను కోస్తాను,” అని లేవబోతే బావమరిది భుజం పట్టి కూర్చోబెట్టాడు. “ఇన్నాళ్ళకి వచ్చి మా ఇంట్లో చేప కోస్తావా బావా? మా ఆవిడ చేతికేమైంది?”

“చెల్లెమ్మా, చేయి జాగ్రత్త,” అని మాత్రం అనగలిగాడు.

“నాకేమైనా కొత్తా అన్నయ్యగారూ?” అంటూ ఆమె పొట్ట చీల్చింది. ఉన్నట్టుండి చేయి ఆగింది. కుళాయి కింద ఏదో కడిగింది. పచ్చగా ఉంది. పక్కన బల్ల మీద విప్పిన పొట్లంలోనూ అదే పచ్చ. ఆమె దీన్నీ దాన్నీ చూసి, తర్వాత దర్జీని చూసింది. ఆ చూపులో కోపం లేదు, వెక్కిరింత లేదు. చేతిలోది అలమర మీద పెట్టి గ్లాసు బోర్లించింది.

“ఏమిటే అది?” అన్నాడు మొగుడు.

“ఏం లేదు. పేగు తగులుకుంది.”

“ఒప్పుకున్నాను బావా,” అన్నాడతను దర్జీ వైపు తిరిగి. “బతికున్నదాని మహిమే వేరు. రేపే నా పెట్టె తీసి చెత్తలో పడేస్తాను. నువ్వన్నదాంట్లో తప్పేముంది?”

నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది. ఆమె ఎవరితోనూ అనదని దర్జీకి తెలుసు. నడివీధిలో బట్ట జారిన మనిషికి ఎవరో చూడనట్టే దుప్పటి కప్పి వెళ్ళినట్టుంది. ఆ దుప్పటే ఒంటిని కాల్చింది.

“ఆ గ్లాసెత్తి చూడు,” అన్నాడు.

బావమరిది చూశాడు. అలవాటుకొద్దీ జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుని మరీ చూశాడు.

“కళ్ళు కూడా ముడేశావే!” అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించింది దర్జీకి. “ఒడ్డున ఏమని చెప్పావు?”

“బతికున్నదని.”

“నన్నన్నప్పుడు పదిమంది విన్నారు బావా. ఇప్పుడు ఇక్కడ మనవాళ్ళం తప్ప ఎవరున్నారు?”

దర్జీ భార్య గోడవైపు తిరిగింది. ఆ పూట ఏం తిన్నాడో దర్జీకి గుర్తులేదు.

తర్వాతి సెలవు రోజు బావమరిదిని వెంటబెట్టుకుని ఒడ్డుకు వెళ్ళి, అందరి ముందూ అరచేయి చాపి పచ్చపురుగును చూపించాడు. జరిగింది చెప్పాడు. ఒళ్ళంతా చెవులైనట్టు ఆ నవ్వు విన్నాడు. ఆ క్షణమే అతనికీ పేరు పడింది. పాతపేరు పోలేదు. అదే దర్జీ అనుకోనిది.

“దారప్పురుగూ, రబ్బరు పురుగూ కలిసి వస్తున్నారర్రా!” అని ఇప్పటికీ ఎవరో ఒకరు కేకేస్తారు. బావమరిది నవ్వేస్తాడు. దర్జీ తన పేరుకు తనూ నవ్వుతాడు. రెండో పేరు వచ్చేసరికి వంగి, ముడి పడని తాడుకు ముడి విప్పుతూ కూర్చుంటాడు.