పది మీటర్ల చుక్కలో చీనీ తోట

బెంగుళూరులో నా ఉద్యోగం ఉపగ్రహాలు తీసిన చిత్రాల మీద పొలాల హద్దులు గీయడం. ఏది పంట, ఏది తోట, ఏది బీడు అని పేర్లు పెట్టడం. కొన్నేళ్ళుగా అనంతపురం వైపు పల్లెలు నా వంతుకు వచ్చాయి. యాడికి దగ్గర ఒక పచ్చటి చదరం ఆ చిత్రాల్లో నాకు బాగా అలవాటైపోయింది. రోజూ వచ్చే ముతక చిత్రంలో ఒక్కో చుక్క పదిహేనెకరాలను మింగేస్తుంది కాబట్టి అది అందులో కనిపించదు. ఒక్కో చుక్క ముప్ఫై మీటర్లుండే చిత్రంలో మసక మరక. ఐదు రోజులకొకసారి ఎవరికైనా ఉచితంగా దొరికే పది మీటర్ల చిత్రంలో దాని నాలుగు మూలలూ తెలుస్తాయి. మా ఆఫీసు కొన్న అర మీటరు చిత్రాల్లోనైతే ఒక్కో చెట్టూ దాని నీడతో సహా విడిగా కనిపిస్తుంది. ఈ వేసవిలో ఆ చదరం పలచబడుతూ వచ్చింది. కొత్త చిత్రం రాగానే ముందు దాన్నే తెరిచేదాన్ని. మబ్బు అడ్డొస్తే ఆ రోజంతా చిరాకే. తోట అని ఉంచుతావా, బీడు అని మారుస్తావా, తేల్చమని మా పై అధికారి అడుగుతూనే ఉన్నాడు. ఏదో ఒక పేరు పెట్టేయడం నిమిషం పని. అది పెట్టలేక, పెట్టకుండా ఉండలేక, చివరికి సెలవు చీటీ రాసిచ్చి బయలుదేరాను.

ముందురోజు సాయంత్రానికే రైల్లో అనంతపురం చేరి బస్టాండు ఎదురుగా ఒక లాడ్జిలో దిగాను. ఇటు వచ్చేవాళ్ళు ఎండాకాలంలో పొద్దున మొదటి బస్సునే పట్టుకోవడం మంచిది. ఆరింటికల్లా తాడిపత్రి బస్సు దొరికింది. గంటన్నర దారి. కిటికీ పక్కన కూర్చున్నానన్న మాటే గానీ బయటికి చూసింది తక్కువ. ఫోన్లో నేనున్న చోటు చూపే చుక్క ఆ చదరం వైపు జరుగుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను. తాడిపత్రిలో బస్సు మారి, నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల తెల్లటి దుమ్ము దాటి యాడికిలో దిగేసరికి ఎనిమిదిన్నర. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. ప్లేటు ముప్ఫై రూపాయలు. నేను నిలబడే గబగబా తింటుంటే పొయ్యి దగ్గరున్న ఆమె కాసేపు చూసి, "కూచోని తినమ్మా, ఊరు యాడికీ పోదు" అంది. కూర్చున్నాను గానీ సగం బజ్జి వదిలేసి లేచాను.

ఆటో రఫీది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మధ్యాహ్నం దాకా నాతో ఉండి మళ్ళీ బస్టాండులో దింపడానికి ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు. పల్లె పేరు చెప్పకుండా ఫోన్లో ఆ చదరం చూపించేసరికి అతనికి అనుమానం వచ్చింది. ఎవరి తాలూకని అడిగాడు, బ్యాంకు మనిషివా అని అడిగాడు. కాస్త దూరం పోయాక ఆటో నెమ్మది చేసి మనసులో మాట బయటపెట్టాడు.

"అక్కా, ఇట్లా ఫోన్ చూసుకుంటా వచ్చినోళ్ళు పోయినంక క్వారీ వస్తాది. నువ్వు ఆ రకం కాదు గదా?"

కాదని చెప్పాను. ఎందుకొచ్చానో కూడా చెప్పాను. అతను నమ్మాడో లేదో తెలియదు. నా చిత్రంలో తోట దాకా తిన్నగా పోయే బండ్ల బాట ఒకటుంది. దాని మీదే పోదామన్నాను. రెండు మలుపులు తిరగగానే ఆ బాట ఒక పెద్ద గుంత అంచున తెగిపోయింది. అడుగున లారీలు తిరుగుతున్నాయి. అర మీటరు చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా అది రెండేళ్ళ కిందటిది. ఆ సంగతి ఆఫీసులో నాకు బాగా తెలుసు, ఆటోలో మర్చిపోయాను. వెనక్కి తిరిగి, నాపరాళ్ళు నిలువుగా పాతిన కంచెల మధ్య చుట్టూ తిరిగి వెళ్ళాం. తోట కనపడకముందే చెట్లు కోసే మిషన్ రంపం చప్పుడు వినిపించింది.

అది చీనీ తోట. కోస్తావాళ్ళు బత్తాయి అంటారు. ఐదెకరాలు. పడమటి వైపు వరసలు అప్పటికే నేలమీద పడి ఉన్నాయి, ఎండిన ఆకుల వాసన కొడుతోంది. మిషన్‌తో వచ్చిన మనిషి కోసుకుంటూ పోతుంటే తోట యజమాని దస్తగిరి కొమ్మలు లాగి కుప్ప వేస్తున్నాడు. యాభై దాటిన మనిషి. ఆయన భార్య ఖాసింబీ మోటారు షెడ్డు నీడలో అటు వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. రెండు బోర్లూ ఎండిపోయాయని, కొన్నాళ్ళు ట్యాంకర్లతో నీళ్ళు తోలారని, అన్ని చెట్లకూ తోలడం ఇక తమ వల్ల కాదని తర్వాత ఆమే చెప్పింది. అంతా తీసేసి వానలు పడ్డాక శనక్కాయ వేద్దామని ఆయన. పన్నెండేళ్ళు పెంచిన చెట్లను కొట్టొద్దని ఆమె. ఇద్దరికీ రెండు రోజులుగా మాటల్లేవు.

దస్తగిరి నన్ను ఏ ఆఫీసు మనిషినో అనుకున్నాడు. నా పని ఏమిటో తడబడుతూ చెప్పాను. ఆయన కొమ్మ కింద పెట్టి ఫోన్ వైపు చూశాడు.

"ఆ బొమ్మలో నీళ్ళు యాడుండాయో కనపడ్తాదా?"

"కనపడదన్నా. ఆకు పచ్చగా ఉందో ఎండిందో తెలుస్తుంది, అంతే."

"అది నాకూ కనపడ్తాండాది" అని మళ్ళీ కొమ్మ అందుకున్నాడు.

అక్కడి నుంచి వెళ్ళిపోవాల్సిందే. వచ్చిన పని అయిపోయింది, బీడు అనే పేరు తేలిపోయింది. ఇంతలో ఖాసింబీ పిలిచి ఆ బొమ్మ తనకూ చూపించమంది. షెడ్డు నీడలో ఆమె పక్కన కూర్చున్నాను. ముందు అర మీటరు చిత్రం చూపించాను. షెడ్డు కప్పు గుర్తుపట్టింది, చెట్ల వరసల మీద వేలు పెట్టుకుంటూ పోయింది. తాము కనపడతామా అని అడిగింది. మనిషి ఉంటే ఒక చుక్కంత ఉంటాడు, ఎవరో మాత్రం తెలియదన్నాను. తర్వాత పది మీటర్ల చిత్రాలు తెరిచాను. మూడు వేసవులవి, ఒకదాని తర్వాత ఒకటి. నేను వాటిని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఎప్పుడూ చదరాన్ని మొత్తంగా చూశాను, ఎంత పలచబడింది అని. ఈసారి ఆమె వేలి వెంట నెమ్మదిగా చూస్తుంటే నా కళ్ళకు ఇంకొకటి కనిపించింది. తూర్పు వైపు ఏటవాలుగా, రెండు మూడు చుక్కల వెడల్పున ఒక పట్టె. మూడు వేసవుల్లోనూ తోట వాడిపోయింది, ఆ పట్టె మాత్రం పచ్చగానే నిలిచింది.

నేను చెప్పేలోపే ఖాసింబీ లేచి నిలబడి భర్తను కేకేసింది. రెండు రోజుల తర్వాత ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట అదేనట. ఆయన నమ్మలేదు. అన్ని చెట్లకూ ఒకేలా నీళ్ళు పెట్టినామన్నాడు. అయినా మిషన్ ఆపించి గడ్డపార పట్టుకొచ్చాడు. ముందు ఎండిన చెట్టు పక్కన తవ్వాడు. మోకాటి లోతుకు గరుసు, పొడి దుమ్ము. తూర్పు పట్టెలో ఒక చెట్టు పక్కన తవ్వితే అదే లోతులో నల్లమట్టి ముద్దగా వచ్చింది. అరచేతిలో వేసుకుని నలిపాడు. అది విడిపోలేదు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

"ఈడ వాన నీళ్ళు పారే వంక ఉండేది. మా నాయన చెరువు మట్టి తోలి పూడ్పించినాడు. నేను శానా చిన్నోన్ని" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

ఆ పట్టెను ఉంచేద్దాం, ఉన్న నీళ్ళన్నీ దానికే పెడదాం అని ఇద్దరూ అక్కడే నిలబడి అనుకున్నారు. అయితే పట్టె ఎక్కడ ఆగుతుందో నన్ను చెప్పమన్నారు. అదే కష్టమైంది. ఒక్కో చుక్కలో రెండు మూడు చెట్లు పడతాయి. అంచు చుక్కలో చెట్టు పచ్చ, నేల ఎరుపు కలిసిపోతాయి. ఏ చెట్టు లోపల, ఏది బయట అన్నది అందులో ఉండదు. నాకు తెలియదని చెప్పేశాను. మళ్ళీ తవ్వి చూశారు. ఒక వరస దగ్గర మట్టి తడీ కాదు, పొడీ కాదు. ఆమె ఉంచుదామంది, ఆయన వద్దన్నాడు. చివరికి ఉంచారు. ఖాసింబీ పాత చీర చింపి ఇస్తే, రఫీ, నేను ఉంచాల్సిన చెట్లకు పేలికలు కట్టాం. తర్వాత మిషన్ మళ్ళీ మొదలైంది. మిగతా తోటంతా నా కళ్ళముందే పడిపోయింది. ఖాసింబీ ఈసారి వీపు తిప్పుకోలేదు. నాకే చూడబుద్ధి కాక ఆటోలో ఎక్కి కూర్చున్నాను, మళ్ళీ దిగాను, మళ్ళీ ఎక్కాను.

మూడింటి బస్సుకు తాడిపత్రి, అక్కడి నుంచి అనంతపురం. తిరుగు ప్రయాణంలో ఫోన్ తెరవలేదు. ఆఫీసులో ఆ పట్టెకు తోట అనే పేరు అలాగే ఉంచాను. ముప్ఫై మీటర్ల చిత్రంలో అక్కడేమీ లేదని పై అధికారి అన్నాడు. నేను వెళ్ళి చూసి వచ్చానని చెప్పాను. వానలు పడ్డాక ఒకరోజు ఖాసింబీ ఫోన్ చేసింది. అనుమానంగా ఉంచిన వరస ఎండిపోయిందట. "తక్కిందంతా పూత వచ్చినాది, తెల్లగా ఉండాది" అంది. వెంటనే కొత్త చిత్రం తెరిచాను. సన్నటి పచ్చ గీత. పూత జాడ లేదు. ఎంత దగ్గరికి లాగినా చుక్కలు పెద్దవయ్యాయి, అంతే.

అంత ఎత్తు నుంచి చూసేటప్పుడు అన్నీ నిలకడగా కనిపిస్తాయి. చూసే మనిషికే నిలకడ ఉండదు. ఆ రోజు ఆ తోటలో నాకు కుదురు దొరికిందని చెప్పలేను. ఇప్పటికీ కొత్త చిత్రం కోసం ఐదు రోజులూ ఎదురుచూస్తూనే ఉంటాను. కాకపోతే ఇదివరకు ఒక్క చదరం కోసం చూసేదాన్ని, ఇప్పుడు పచ్చ తగ్గిన ప్రతి చోటా ఎవరు నీడలో వీపు తిప్పి కూర్చున్నారో అనిపిస్తుంది. అన్నిచోట్లకూ వెళ్ళలేను. మీరు మీ ఊరి చిత్రం పట్టుకుని ఇలాంటి ప్రయాణానికి బయలుదేరితే ఒక్క మాట గుర్తుంచుకోండి. చిత్రాన్ని పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకుని, మూలలో అది తీసిన తేదీ రాసుకుని వెళ్ళండి. ఆ ఎండలో ఫోన్ తెర కనపడదు. వచ్చేటప్పుడు ఆ కాగితం ఆ పొలం వాళ్ళకే ఇచ్చి రండి.