నాయనమ్మ ఫొటోకి మల్లెదండ

బాపట్ల కాలేజీలో ఫొటో జర్నలిజం వర్క్‌షాప్ పెట్టినప్పుడు నాలుగైదు దేశాల నుంచి విద్యార్థులొచ్చారు. వచ్చిన ఒక్కొక్కరికీ మా వైపు విద్యార్థిని ఒకరిని జత చేశారు. నా వంతుకి పోర్చుగల్ అమ్మాయి వచ్చింది. తెలుగు ముక్క రాదు గానీ గోంగూర పచ్చడి అంటే చాలు, కంచం ముందుంటుంది. ఒక మామూలు ఇంటిని ఫొటోలు తియ్యమన్నారు. ఊరంతా ఎవరు వెతుకుతారని రేపల్లెలో మా ఇంటికే తీసుకొచ్చేశాను.

మా నాయనమ్మకి అంతకు కొన్నాళ్ల ముందే గుండె ఆపరేషనైంది. డాక్టరు నాలుగడుగులు నడవమంటే ఆవిడ వీధి గడప దాటేది కాదు. పొద్దున్నే పెరట్లో మల్లెలు కోసి, దండ కట్టి, హాల్లో తాతయ్య ఫొటోకి వేసి, "ఎంతో ఆలస్యం లేదు లెండి, వచ్చేస్తున్నా" అని చెప్పేది. రోజూ అదే మాట. అసలే నాకు ముక్కు మీద కోపం. "ఆయనకేం తొందర లేదులే, ముందు టిఫిన్ తిను" అని కసిరేదాన్ని. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేదాన్ని.

ఆ మాటలు పోర్చుగల్ పిల్లకి అర్థం కావు కదా. దండ వేసే చేతులే చూసింది. రోజూ గుమ్మం పక్కన కూర్చుని చూసి చూసి, చివరికి ఒక ఫొటో తీసింది. ఒళ్లో మల్లెలు, పళ్ల మధ్య దారం, ముఖం మీద కిటికీ వెలుగు. నాయనమ్మ అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఫొటోల ప్రదర్శన తెనాలిలో, ఒక కళ్యాణమండపంలో పెట్టారు. వచ్చి చూడమని నాయనమ్మని బతిమాలాను. ఒక్కసారి గడప దాటితే మళ్లీ మనుషుల్లో పడుతుందని నా ఆశ. ఎలాగో ఒప్పుకుంది. నాన్న ప్యాసింజర్ రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. నేను స్టేషన్‌కి వెళ్లి ఇద్దరినీ ఆటోలో ఎక్కించుకొచ్చాను.

లోపలికి అడుగు పెట్టగానే ఆగిపోయాను. పెద్ద ఫ్రేములో నాయనమ్మ, ఆ ఫ్రేముకి నిండుగా మల్లెదండ! పక్కనే మా పోర్చుగల్ పిల్ల, పెళ్లికూతురి చెల్లెల్లా వెలిగిపోతూ.

బతికున్న మనిషి ఫొటోకి దండ! "ఏంటిది? ఎవరే వేసింది?" అని నాన్న మండిపడ్డాడు. ఫొటోలు చూడ్డానికొచ్చిన ఒకావిడ జాలిగా, "పాపం, ఎప్పుడు పోయారండీ?" అని నాయనమ్మనే అడిగింది.

"ఇంకా పోలేదమ్మా" అంది నాయనమ్మ. నా వైపు తిరిగి, "ఆ పిల్ల ఎందుకేసిందో అడుగు" అంది.

అడిగాను. ఆ పిల్ల చెప్పింది నాయనమ్మకి తెలుగులో చెప్పాను.

"రోజూ నువ్వు తాతయ్యకి వేస్తావు కదా. నీకెవరూ వెయ్యట్లేదని వేసిందట."

 నాయనమ్మ ఆ పిల్ల బుగ్గలు నిమిరి, దండ తీయించుకుని, ఆకులో పొట్లం కట్టించుకుంది. రైల్లో నాన్న "దాన్ని పారేద్దామమ్మా" అని ఎంత చెప్పినా వినలేదు. రేపల్లె వచ్చేదాకా ఒళ్లోనే పెట్టుకుంది.

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని తాతయ్య ఫొటో ముందుకెళ్లింది. పొద్దుటి దండ తీసేసి ఆ దండ వేసింది.

"ఇది నాకేశారండి, మీరే ఉంచుకోండి" అంది. "నేనిప్పట్లో రాను."