సాంబమూర్తి మగ్గం గుంట

బందరులో పుట్టి, బందరులోనే నలభై ఏళ్ళు దాటినా సాంబమూర్తి బందరు చూడలేదు. వలందాల గోరీలు, అంటే ఆ డచ్చివాళ్ళ సమాధులు, ఎటువైపు ఉన్నాయో తెలియదు. కోట సంగతి విన్నాడే గాని వెళ్ళలేదు. సముద్రం మాత్రం ఒకసారి చూశాడు, అది కూడా మాఘపౌర్ణమి స్నానానికి తండ్రి భుజాలెక్కి వెళ్ళినప్పుడు. కళ్ళల్లో ఉప్పునీళ్ళు పడి ఏడవడం తప్ప అందులో ఇంకేమీ గుర్తు లేదు. అలాంటివాడు పైఊరివాళ్ళకి ఊరు చూపించే పనిలోకి దిగాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వండి గాని, ముందు సంగతి వినండి.

వాళ్ళది సాలెల వీధి. ముందుగదిలో నేల తవ్వి చేసిన మగ్గం గుంట సాంబమూర్తి తండ్రి తవ్వినది. నేసేవాడు దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి పెట్టి, చెక్కలు తొక్కుతూ నేస్తాడు. గాలి తగిలితే పోగు ఎండి తెగుతుందని ఆ గదికి కిటికీ కూడా పెట్టలేదు ఆ మహానుభావుడు. చిన్నప్పుడే అందులో కాళ్ళు పెట్టిన సాంబమూర్తి తిండికీ నిద్రకీ తప్ప పైకి రాలేదంటే అబద్ధం కాదు. భార్య రాఘవమ్మ గుమ్మంలో రాట్నం వేసుకుని, కండెలు చుట్టి అందించేది. ఇద్దరూ కలిసి నేసిన చీరలు ఊళ్ళు తిరిగాయి, వీళ్ళు మాత్రం తిరగలేదు.

ఇంతలో యుద్ధం వచ్చింది, వెంటనే నూలు కరువొచ్చింది. నేతగాళ్ళ సంఘం వాళ్ళిచ్చే నూలు తగ్గుతూ తగ్గుతూ చివరికి పూర్తిగా ఆగిపోయింది. వీధిలో మగ్గాలన్నీ మూలపడ్డాయి. కొందరు బియ్యం మరల్లో బస్తాలు మోయడానికి పోయారు. సాంబమూర్తి మూటలు మోద్దామని రైలుస్టేషనుకి పోయాడు. ఆ పొద్దున బెజవాడ బండిలోంచి ఒక కుటుంబం దిగింది.

"ఏవయ్యా, ఈ ఊళ్ళో చూడాల్సినవి ఏవన్నా ఉన్నాయా?" అనడిగాడు ఇంటిపెద్ద.

ఆకలి మీదున్న మనిషి లేవని ఎందుకంటాడు? "బోలెడున్నాయండి. దగ్గరుండి చూపిస్తాగా" అనేశాడు. అనేసి గుడ్లప్పగించి నిలబడ్డాడు. పక్కనే జట్కా తోలే లాజరు ఉన్నాడు కాబట్టి పరువు దక్కింది.

"ఎక్కండి బాబూ. ఈయన నాకు బాగా తెలిసినాయనే" అన్నాడు లాజరు. అంతకుముందు ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నవాళ్ళు కారు.

ఆ రోజు నుంచి దారులు లాజరువి, మాటలు సాంబమూర్తివి. వలందపాలెంలో గోరీల మీద చెక్కిన అక్షరాలు ఏ భాషవో ఆయనకు తెలియదు. తెలిసినట్టు నటించనూ లేదు. "సముద్రం దాటొచ్చి మన గుడ్డ కొనుక్కుపోయినోళ్ళండి. మా తాతల నేతే కట్టుంటారు" అని ఊరుకునేవాడు. కోట దగ్గరికి తీసుకువెళ్ళి, ఉప్పెన వచ్చినప్పుడు వాళ్ళ ముత్తవ్వ అటకెక్కి కూర్చుంటే ఇంట్లోకి పడవ వచ్చిన కథ చెప్పేవాడు. ఆ పడవలో ఎవరున్నారో రోజుకో రకంగా చెప్పేవాడనుకోండి. విన్నవాళ్ళెవరూ కాదనలేదు. ఏళ్ళ తరబడి మగ్గం చప్పుడులో నోరు మూసుకు కూర్చున్న మనిషి, ఒక్కసారిగా వినేవాళ్ళు దొరికితే ఆగుతాడా?

మంగినపూడిలో ఇసుక మీద నిలబడి సముద్రాన్ని ఆయన చూసినట్టు వచ్చినవాళ్ళలో ఒక్కరూ చూడలేదు. ఎండ నెత్తి మాడుస్తుంటే వాళ్ళు గొడుగుల కిందికి దూరేవారు. ఈయన తలపాగా తీసి మరీ నిలబడేవాడు. ఎండ కూడా ఆయనకి కొత్తే మరి. ఒంటికి రంగు వచ్చింది, గుంటలో కూర్చుని కూర్చుని వచ్చిన కాళ్ళ వాపు తగ్గింది. ఆయన సంతోషంగా ఉన్నాడు. నూలు లేక వీధి వీధంతా ఏడుస్తుంటే తను సంతోషంగా ఉన్నందుకు సిగ్గుపడేవాడు కూడా.

సముద్రం చూసొచ్చినవాళ్ళకి నకనకలాడే ఆకలి. ఒకరోజు ఎవరో అడిగితే ఇంటికి తీసుకొచ్చాడు. రాఘవమ్మ చింతచిగురూ రొయ్యలూ కలిపి వండి, పప్పూ మీగడ పెరుగూ వేసి పెట్టింది. తిన్నవాళ్ళు బెజవాడ వెళ్ళి చెప్పారు, విన్నవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. తీరా వచ్చాక కూర్చోబెట్టడానికి చోటేదీ? అరుగు మీద అయితే ఎండ, లేకపోతే వాన. ముందుగది నిండా మగ్గమే.

"గుంట పూడ్చేద్దామే. గది ఖాళీ అవుద్ది, నలుగురూ నీడన కూర్చుని తింటారు" అన్నాడు సాంబమూర్తి.

"నేను బతికుండగా ఆ గుంటలో తట్టెడు మట్టి పడదు మావా" అంది రాఘవమ్మ. "ఇయ్యాళ కాకపోతే రేపు నూలొస్తది. గుంట లేని ఇంటికి సంఘం నూలిస్తదా? సాలోళ్ళిల్లు అనడం మానేసి పూటకూళ్ళ ఇల్లంటారు. అది నేను పడలేను."

ఆమె ఊరికే అన్న మాట కాదు. ఆమె పుట్టిల్లూ మగ్గమే, మెట్టినిల్లూ మగ్గమే. మూలపడిన మగ్గానికి కూడా శుక్రవారం శుక్రవారం పసుపు రాసి, దీపం పెట్టేది. చివరికి మగ్గం సామాను విప్పి అటకెక్కించడానికి ఒప్పుకుంది గాని, గుంట జోలికి రానివ్వలేదు. చేసేది లేక సాంబమూర్తి గుంట మీద పలకలు పరిచి పైన చాప వేశాడు.

పలకలు పాతవి. చల్లపల్లి నుంచి వచ్చిన రామకోటేశ్వరరావుగారు భారీ మనిషి. ఆయన సరిగ్గా మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండోసారి రొయ్యలు వడ్డింపించుకుని, ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా పలక ఫెళ్ళుమని విరిగింది. విస్తరితో సహా గుంటలో దిగబడిపోయాడాయన. రాఘవమ్మ గరిటె పట్టుకుని కొయ్యబారిపోయింది. సాంబమూర్తీ లాజరూ చెరో రెక్కా పట్టి లాగారు.

"ఏవయ్యా, ఊరంతా చూపించావు గదా, ఈ గొయ్యి సంగతి ముందే చెప్పొద్దూ?" అన్నాడాయన, మీసాల మీది పప్పు తుడుచుకుంటూ. మంచివాడు కాబట్టి నవ్వేశాడు. కాలు మాత్రం కుంటుకుంటూ బండెక్కాడు. అందరూ ఆయనలాంటివాళ్ళే రారు కదా. "ఇంక నా వల్ల కాదే, ఆ గుంట పూడ్చాల్సిందే" అన్నాడు సాంబమూర్తి ఆ సాయంత్రం.

మర్నాడే సంఘం పెద్ద భావనారాయణ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఒరేయ్ సాంబం, నూలొచ్చిందిరా! రేపు పొద్దున ఇల్లిల్లూ చూసి పంచుతాం. మగ్గం నిలబెట్టి ఉంచు. నిలబడిన మగ్గానికే నూలు. నువ్వు కాదంటే ఆ నూలు ఇంకొకళ్ళకి పోద్ది, మళ్ళీ నీ వంతు రమ్మంటే రాదు" అని చెప్పి పక్కింటికి వెళ్ళాడు.

రాఘవమ్మ సంతోషం పట్టలేకపోయింది. పలకలు లాగి అవతల పారేసింది. అటక మీది సామాను దింపించింది. మొగుడి చేత సాయంత్రానికల్లా మగ్గం బిగింపించి, గుంట చుట్టూ ముగ్గు పెట్టింది. ఆమె చెప్పినవన్నీ సాంబమూర్తి చేశాడు.

తెల్లవారింది. "దిగు మావా. వాళ్ళొచ్చేసరికి నువ్వు గుంటలో కనపడాలి" అంది రాఘవమ్మ.

సాంబమూర్తి కదల్లేదు. "నాకు దిగాలని లేదే" అన్నాడు.

"ఏంటి?"

"నూలు లేక మానానని అందరితో పాటు నేనూ అనుకున్నా. నూలొచ్చింది, అయినా నాకు దిగాలని లేదు. నేను దిగలేను రాఘవా."

ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తాతలని తలుచుకుంది, మామగారి పేరెత్తి ఏడ్చింది, ఊరు తిరగమరిగిన కాళ్ళకి ఇల్లు రుచించదని దెప్పింది. అన్నీ అయ్యాక కొంగు నడుముకి బిగించి, "నువ్వు దిగకపోతే నేనే దిగుతా. నేనే నేస్తా. రానీ పెద్దల్ని" అంటూ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంది. ఆ వీధిలో ఆడవాళ్ళు గుంటలో దిగగా ఎవరూ చూడలేదు.

ఆమె ఆయన కూర్చునే చోటే కూర్చుంది, ఆయన పెట్టే చోటే కాళ్ళు పెట్టింది. ఎదురుగా మగ్గం, మగ్గానికి అవతల మట్టిగోడ. అటు చూసింది, ఇటు చూసింది. వెనక్కి తిరగబోతే మెడ తిరిగింది గాని గుమ్మం కంటికి అందలేదు.

"మావా, ఇక్కణ్ణించి వీధి కనపడదే!"

"కనపడదు."

"మరి నేను గుమ్మంలో కూచుని, పెళ్ళివారొస్తున్నారు చూడు మావా, రథం వస్తంది చూడు మావా అనేదాన్ని గదా?"

"అనేదానివి."

"ఆ, బాగుంది బాగుంది అనేవాడివి గదా?"

"నువ్వు చెబుతుంటే బాగానే ఉండేది" అన్నాడు సాంబమూర్తి.

రాఘవమ్మ ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. ఇందాకటి ఏడుపులాంటిది కాదు అది. తర్వాత కళ్ళు తుడుచుకుని, పైకి రావడానికి చెయ్యి అందించమంది. ఆయన పట్టుకుని పైకి లాగాడు. వీధి చివర భావనారాయణ గొంతు వినపడుతోంది, ఇంటింటి ముందూ ఆగుతూ ఇటే వస్తున్నాడు.

"ఆయనకి చెప్పు, మన వాటా నూలు పక్కింటోళ్ళకి ఇమ్మని" అంది రాఘవమ్మ. పెరట్లోకి వెళ్ళి మట్టి తవ్వి, తట్టకెత్తుకుని తనే మోసుకొచ్చింది.