ఎండకు పెట్టిన నీళ్లు

నా చిన్నప్పుడు నాచారంలో మా ఇంట్లో స్టవ్ వెలగాలంటే రేషన్ దుకాణానికి కిరసనాయిలు, మా మాటలో గాసునూనె, రావాల్సిందే. అది ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. అందరూ ఖాళీ డబ్బాలు వరసగా పెట్టి, వాటిని ఒకే తాడుతో కట్టి, ఎవరి చోటు వాళ్లు కాపాడుకునేవాళ్లు. ఒకసారి మా డబ్బా ఆ వరసలో ఉండగానే ఇంట్లో గాసునూనె అడుగంటింది. మిగిలింది బాలింతరాలైన అమ్మకు వండి పెట్టడానికే చాలదు. ఇక నెల కూడా నిండని తమ్ముడికి వేణ్ణీళ్లు ఎక్కడివి? స్నానం లేక వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అసలే చలికాలం, చన్నీళ్లు పోస్తే ప్రాణం మీదికొస్తుందని అమ్మమ్మ భయం. నాకు కాలు నిలవలేదు. దుకాణానికీ ఇంటికీ ఉరుకుతూనే ఉన్నాను.

అమ్మమ్మ చింతపండుతో తళతళా తోమిన ఇత్తడి బిందెలో నీళ్లు పోసి డాబా మీద పెట్టింది. పొద్దెక్కినా నీళ్లకు చలి విరగలేదు. అది పక్కింటి అక్క చూసింది. ఆమెకు సైన్సు ప్రయోగశాలలో ఉద్యోగం, ఆ రోజు సెలవు.

"గిట్ల మెరిస్తే ఎండ నిలుస్తదా అమ్మమ్మా? మసిబట్టిన గంజు తే, వెడల్పుది."

అమ్మమ్మ ముఖం మాడిపోయింది. "మసి గంజు డాబా మీద పెడ్తే వాడకట్టంత ఏమంటరు బిడ్డా? ఇజ్జత్ పోతది!"

"ఇజ్జత్ తర్వాత, ముందుగాల పిలగాని సంగతి సూడు."

అన్నం వండే ఆ నల్లటి గంజులో కొద్దిగా నీళ్లు పోసి, పైన పాత కిటికీ అద్దం మూసింది అక్క. నేనేమో నిమిషానికోసారి అద్దం లేపి వేలు ముంచుతున్నాను. ఇంతలో మబ్బు అడ్డొచ్చింది. కింద తమ్ముడి ఏడుపు వింటుంటే నాకూ ఏడుపొచ్చింది. మళ్లీ దుకాణం వైపు ఉరకబోతే అక్క చెయ్యి పట్టుకుంది.

"లేపినకొద్ది వేడి పోతది, పిచ్చిపిల్లా. గాసునూనె మన తొందరకు మండుతది, మండినంత అయిపోతది. ఎండ అట్ల కాదు, రేపు గూడ వస్తది. కానీ దాని టైముకు మనం ఆగాలె. జర కూసో."

కూర్చున్నాను. నా ప్రాణానికి అదెంత నరకమో చెప్పలేను. మబ్బు తొలగి, ఎండ కాసి కాసి, మధ్యాహ్నం దాటాక అమ్మమ్మ వేలు ముంచి "అమ్మో, కాలుతున్నయ్!" అని చటుక్కున తీసుకుంది. చన్నీళ్లు కలిపి, తమ్ముణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకుని పోసింది. వాడు ఏడుపు ఆపి అక్కడే నిద్రపోయాడు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మర్నాడు అమ్మమ్మే మసి గంజును వీధివైపు పెట్టి, అడగనివాళ్లకు కూడా ఎందుకో చెప్పింది.

ఇప్పుడు మా ఇంటి మీద సోలార్ పలకలున్నాయి. నేను మాత్రం మారలేదు. ఉప్పల్ చౌరస్తాలో ఆటో కాసేపు ఆగితే దిగి నడుస్తాను. కానీ ఎండ బాగా వచ్చేదాకా బట్టల మిషన్ వేయను, వేయనివ్వను. మబ్బు పట్టిన రోజు కోడలు సణిగినా సరే. ఆగమని ఎవరు చెప్పినా నాకు ఒళ్లు మండుతుంది. ఎండ చెబితే మాత్రం వింటాను.