ఆయన్ని నిలబెట్టిన ఆదివారం

నా నోటి సంగతి రేపల్లెలో మా వీధి మొత్తానికి తెలుసు. ముప్పయ్యేళ్లు బడిలో పిల్లల మీద అరిచిన గొంతు, ఇంటికొచ్చి మాత్రం ఎందుకు ఊరుకుంటుంది? అందుకే ఈ సంగతి నేనే చెప్పాలి. ఇంకొకళ్లు చెబితే నన్ను కొంచెం వెనకేసుకొస్తారు.

మా ఆయన జంపని దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఓ సాయంత్రం బండి మీద ఇంటికొస్తూ, వేమూరు దాటాక, గడ్డి ట్రాక్టరును తప్పించబోయి కల్వర్టుకి కొట్టుకున్నారు. హెల్మెట్ బండికి తగిలించి ఉంది, తలకి కాదు. తెనాలిలో స్కాన్ తీసి, లోపల కొంచెం రక్తం గడ్డకట్టింది, ఆపరేషన్ అక్కర్లేదు, అదే కరుగుతుంది అన్నారు. పది రోజులకి ఇంటికొచ్చారు. కుట్లు మానాయి, జుట్టు పెరిగింది. ఇంకేం, గండం గడిచిందనుకున్నాను. కొన్నాళ్లయ్యాక మళ్లీ తీసుకొచ్చి చూపించమని చీటీలో రాసే ఉంది. నేనే తీసుకెళ్లలేదు.

ఆ తర్వాత మనిషి మారారు. కుళాయి తిప్పి అలాగే వదిలేసేవారు. టమాటాలకి పంపితే ఖాళీ సంచీతో వచ్చి, "ఏం తెమ్మన్నావు?" అనేవారు. అడిగిందే నాలుగుసార్లు అడిగేవారు. ఇరవయ్యేళ్ల కాపురంలో 'వెధవ' అనే మాట ఆయన నోట వినలేదు, అలాంటిది పాలవాణ్ణి పట్టుకుని నేను రాయలేని మాట అన్నారు. నేనేమన్నానో తెలుసా? "స్కూలుకెళ్లడం ఇష్టం లేక వేషాలేస్తున్నారు" అన్నాను. నా మాటలకి ఆయన మొహంలో ఏ కదలికా ఉండేది కాదు. దున్నపోతు మీద వాన కురిసినట్టు ఉన్నారే అని ఇంకా మండేది నాకు.

కోతపండుగ రోజు మా గుళ్లో, అదే చర్చిలో, పంట కానుకగా వచ్చిన కోళ్లూ కొబ్బరికాయలూ కూరగాయలూ వేలం వేస్తారు. ఆ ఏడు ఓ గుమ్మడికాయ దగ్గర మా ఆయనకీ ఒక సంఘపెద్దకీ మాట తేడా వచ్చింది. ఈయన గుమ్మడికాయ నేలకేసి కొట్టి, అందరి ముందూ ఆయన్ని బూతులు తిట్టారు. నేను అప్పటికి స్త్రీల సమాజం అధ్యక్షురాలిని. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మా పాస్టరయ్యగారు మంచివారు. "దెబ్బ తగిలిన మనిషి, పోనిద్దురూ అమ్మా" అన్నారు. తిట్లు తిన్న పెద్దాయన కూడా పోనీలెండి అన్నాడు. వాళ్లంతా వదిలేశారు. వదలంది నేను. "కుదరదండి. సంఘం ముందు క్షమాపణ చెప్పాకే రాత్రిభోజన సంస్కారంలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి. మాస్టారైతే ఓ న్యాయం, కూలివాడైతే ఓ న్యాయమా?" అన్నాను. ఎంత నీతిమంతురాలినో! నిజం చెప్పనా? నా పరువు కోసం ఆయన్ని నిలబెట్టాను.

మూడు రోజులు బట్టీ పట్టించాను. నాలుగే వాక్యాలు, ఆఖరిది "నన్ను క్షమించండి". ఆదివారం నాడు మగవాళ్ల వైపు ఆయన లేచి, చేతులు జోడించి, రెండో వాక్యం దగ్గర ఆగిపోయారు. నా వైపు చూశారు. ఆడవాళ్ల మధ్య నుంచి నేను తరగతిలో అందించినట్టు గట్టిగా అందించాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అది చూసి కూడా నాకు జాలి వెయ్యలేదు, తప్పు తెలిసొచ్చిందిలే అనుకున్నాను.

దెబ్బ తగిలిన ఏడాదిన్నరకి, ఆయన సెలవు పొడిగించాలని బాపట్లలో విద్యాశాఖ ఆఫీసులో కాగితాలు పెడితే కొత్త స్కాన్ అడిగారు. మళ్లీ తెనాలి వెళ్లాం. డాక్టరుగారు పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టారు. పాతదానిలో మెదడు పుర్రె నిండా ఉంది. కొత్తదానిలో చుట్టూ నల్లటి సందు. పండిన చింతకాయలో గుజ్జు పెంకు నుంచి విడివడ్డట్టు.

"మెదడు తగ్గిందమ్మా. ఈ నల్లనిదంతా నీరు. నుదుటి వెనక ఈ భాగం బాగా తగ్గింది. కోపం వస్తే ఆపుకునేది ఇక్కడే" అన్నారు.

"అయితే ఆ తిట్లు... కావాలని కాదా అండి?"

"ఆపుకుందామన్నా ఆపుకోలేరమ్మా. మనం అరిస్తే ఇంకా కంగారు పడతారు."

మా ఆయన కుర్చీలో ముందుకి వంగి, "పాసేనా అండి?" అని అడిగారు.

"పాసే మాస్టారూ" అన్నారు డాక్టరుగారు. నేను మా ఆయన మొహం చూడలేకపోయాను. రేపల్లె రైల్లో కూడా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

తెనాలి నుంచి వచ్చాక ఆ ఆదివారం మా ఆయన తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఇవాళ కూడా లేవాలా?" అన్నారు. కొత్త మాటేం కాదు. గుడికి బయల్దేరే ప్రతిసారీ అడిగేవారు. "తప్పు చేస్తే లేవాల్సిందే" అని ఎన్నిసార్లన్నానో లెక్క లేదు. గుమ్మడికాయ సంగతి ఆయనకి గుర్తు లేదు. నిలబడ్డం గుర్తుంది.

పాస్టరయ్యగారి దగ్గరికెళ్లి, దేవుడు చేసిన మేలు పంచుకుంటూ అందరూ సాక్ష్యం చెప్పే వేళ నేను లేచి మాట్లాడాలన్నాను. "ఎందుకమ్మా, అందరూ ఎప్పుడో మర్చిపోయారు" అన్నారు. "మర్చిపోవాల్సినాయన మర్చిపోలేదండి" అన్నాను. అంత పౌరుషంగా అని కూడా రెండు ఆదివారాలు లేవలేకపోయాను. ఊరందరినీ నిలదీసేదాన్ని, నా వంతొచ్చేసరికి పాటల పుస్తకంలో తల దూర్చాను.

మూడో ఆదివారం లేచాను. కొంగు సర్దుకుంటుంటే మగవాళ్ల వైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. మా ఆయన లేచి నిలబడ్డారు. చేతులు జోడించి, మొదటి ముక్క నేను అందిస్తానని నా వైపే చూస్తున్నారు.

"మీరు కాదండి, నేను. మీరు కూర్చోండి" అన్నాను. కూర్చోలేదు. జబ్బుమనిషిని దోషిగా నిలబెట్టింది నేనేనని, వేషాలని అన్నది నేనేనని, ఆయన అలా నిలబడి ఉండగానే అంతా చెప్పాను. చివర్లో "నన్ను క్షమించండి" అన్నప్పుడు, ఆయన కూడా నాతోపాటు అన్నారు.