ఏ రన్ను?

డల్సీ ట్రెంబాత్‌కి ప్రపంచంలో అర్థం కాని మాట ఒక్కటే: రన్.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. పుట్టింది క్వీన్స్‌లాండ్‌లో, ఊహ తెలిసినప్పటినుంచీ మాట్లాడింది ఇంగ్లీషే. అయినా మా మామిడికాయల ప్యాకింగ్ షెడ్డులో ఎవరి నోట 'రన్' వినబడినా, చేతిలో కాయ చేతిలోనే ఆపి, కళ్లజోడు మీదనుంచి చూసి, "ఏ రన్ను?" అనేది.

రన్ లేకుండా మాకు పూట గడవదు. బెల్టు రన్ అవుతుంది. జలుబు చేస్తే ముక్కు రన్ అవుతుంది. అట్టపెట్టెలు రన్ అవుట్ అవుతాయి. మా మేనేజరు కెల్ షెడ్డుని రన్ చేస్తాడు, అతని భార్య ఊరి ఎన్నికల్లో రన్ చేస్తుంది. అన్నిటికీ డల్సీది ఒకటే ప్రశ్న.

"డల్సీ, ఈ కాగితం ఆఫీసుదాకా రన్ చేసి రా," అన్నాడు ఒకసారి కెల్.

"పరుగెత్తనా? ఈ మోకాళ్లతోనా?"

"పరుగెవరడిగారు మహాతల్లీ! ఇచ్చి రమ్మన్నాను."

ఇంకోరోజు, "మెషీన్ని కాసేపు ఖాళీగా రన్ చెయ్యండి," అన్నాడు.

"ఖాళీగా అంటే కాయలు లేకుండానా, మనుషులు లేకుండానా?"

"బుర్ర లేకుండా!" అని అరిచాడు కెల్. షెడ్డంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. డల్సీ మాత్రం జవాబు పూర్తిగా వచ్చేదాకా వదల్లేదు. కాయలు లేకుండానట.

ఆ ఏడు కోతలకి వనువాటు దీవులనుంచి తొమ్మిదిమంది వచ్చారు. వాళ్లకి పెద్దదిక్కు తారి. ముగ్గురు పిల్లల తండ్రి, మాట తక్కువ. ఏం చెప్పినా "సరే బాస్" అని తలూపేవాడు. వాగవతల ఉన్న బసకి వాళ్లని రోజూ వ్యాన్లో తీసుకెళ్లేది కూడా అతనే.

జనవరి మొదటివారంలో వాన పట్టుకుంది. నాలుగో రోజు మధ్యాహ్నానికి రేకుల మీద ఆ మోతకి గొంతు పెంచితేగానీ పక్కమనిషికి వినబడటం లేదు. కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి. ఒక మూల రేకు లేచి టపటపా కొట్టుకుంటోంది.

కెల్ తడిసి ముద్దై లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"వాగు రన్ అవుతోంది!" అని ఒక్క కేక పెట్టి, తాడు పట్టుకుని నిచ్చెనవైపు తిరిగాడు.

"సరే బాస్," అన్నాడు తారి.

"ఏ రన్ను, కెల్?" అంది డల్సీ.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడా నీ సరదా? కప్పు ఎగిరిపోతోంది!" అన్నాను.

ఆవిడ నావైపు చూడనే లేదు. వెళ్లి నిచ్చెనకి అడ్డంగా నిలబడింది. "వాగెప్పుడూ రన్ అవుతూనే ఉంటుందిగా. అయితే ఏంటట?"

"తప్పుకో డల్సీ!"

"చెప్తేనే తప్పుకుంటా. నాకు తెలీదు."

కెల్ ముఖం కందగడ్డయింది. "నీళ్లు రోడ్డెక్కాయి! నడుంలోతు! ఏ బండీ అటు పోకూడదు! పోతే కొట్టుకుపోతారు, శవాలు కూడా దొరకవు! అర్థమైందా నీ మట్టిబుర్రకి?"

"ఇప్పుడైంది," అంది డల్సీ, పక్కకి జరిగి.

అప్పుడు చూశాను తారిని. తలుపు దగ్గరున్నాడు, వ్యాన్ తాళాలు చేతిలో పట్టుకుని. వెనక ఎనిమిదిమందీ సంచులు భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నారు. తాళాలు మెల్లిగా జేబులోకి వెళ్లిపోయాయి. రన్ అంటే తొందరగా బయల్దేరమని అనుకున్నాడట.

వాళ్లు సంచులు దించుకున్నాక, గ్యాసు పొయ్యి మీద టీ కాస్తున్న డల్సీ దగ్గరికెళ్లాను.

"వాగు రన్ అయితే ఏమవుతుందో నీకు తెలుసు కదూ?"

"వాగొడ్డున పుట్టినదాన్ని, తెలీకపోవడమేంటి?"

"మరి తారినే అడగొచ్చుగా, అర్థమైందా అని?"

"నలుగురిలో అలా అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. నేను మొద్దునని ఊరంతా ఎప్పుడో ఒప్పేసుకుంది. ఇంకోసారి అనిపించుకుంటే నాకేం అరుగుతుంది?"

ఆవిడ కప్పు నా చేతికిచ్చి, కళ్లజోడు సర్దుకుంది.

"పదకొండేళ్ల కిందట సిడ్నీనుంచి వచ్చిన కొత్తలో నువ్వు మాత్రం? ఇక్కడి మాటలు సగం అర్థం కాకపోయినా పొద్దుట్నుంచి సాయంత్రందాకా తలూపుడే. నీ మెడ చూసి నాకు నొప్పెట్టేది తల్లీ!"