కళ్ళు మూసుకునే రెండు నిమిషాలు

ఇంజెక్షన్ సీసాలను వెలుతురులో పెట్టి చూడటం మా పెద్దమ్మ పని. పందొమ్మిదేళ్ళు అదే చేసింది. బొటనవేలంత సీసా. మెడ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, ఒకసారి తలకిందులు చేసి, మెల్లగా తిప్పి, ముందు నల్ల పలక ఎదుట చూడాలి, తర్వాత తెల్ల పలక ఎదుట. తెల్లటి నలుసు నల్ల పలక మీద దొరుకుతుంది, నల్లటిది తెల్ల పలక మీద. గాజు తునక ఉంటే ఒక్క క్షణం తళుక్కుమని అడుక్కి దిగిపోతుంది. ఆ క్షణంలో రెప్ప వేశామా, అది ఎవరి నరంలోకో వెళుతుంది. చూడటం పూర్తయిన ప్రతి ట్రే మీదా చూసినవాళ్ళ నంబరు ముద్ర వేస్తారు. పెద్దమ్మది నాలుగో నంబరు.

ఫ్యాక్టరీలో ఆమెను డేగ అనేవారు. నేను అక్కడే ప్యాకింగులో చేరిన కొత్తల్లో, "డేగ చూసిన ట్రేనా? అయితే కళ్ళు మూసుకుని అట్టపెట్టెలో పెట్టెయ్" అన్నాడు మా మేస్త్రీ. ఇంట్లో ఆ మాట చెబితే పెద్దమ్మ నవ్వలేదు. "వాణ్ణి కళ్ళు తెరుచుకునే పెట్టమను. నేనూ మనిషినే" అంది.

ఆ గది నేను చాలాసార్లు చూశాను. కిటికీలు లేవు. ఒక గోడ మొత్తం అద్దం, అవతల వరండా. పొడుగు బల్ల, ఐదు దీపాలు, ఐదుగురు ఆడవాళ్ళు. ఒంటినిండా తెల్ల కోటు, జుట్టు మీద టోపీ, మూతికి గుడ్డ. కళ్ళు తప్ప ఇంకేమీ బయటికి కనిపించవు. ఇరవై నిమిషాలకోసారి పెద్దమ్మ గోడ గడియారం చూసి "దించండే" అనేది. ఐదుగురూ సీసాలు కింద పెట్టి, అరచేతులు రుద్దుకుని, మూసిన కళ్ళ మీద పెట్టుకునేవాళ్ళు. రెండు నిమిషాలు. ఈ పద్ధతి ఏ కాగితంలోనూ లేదు. ఆ బల్ల దగ్గర ఆమెకు పని నేర్పినావిడ దగ్గర్నుంచి వచ్చింది.

రెండు నిమిషాలూ ఊరికే కూర్చునేవాళ్ళు కాదు. పక్క కుర్చీలో ఉండే ఆవిడ పేరు రేడియో. ఆ రెండు నిమిషాల్లో తన అత్తగారి కథ చెప్పేది. ముక్కలు ముక్కలుగా, ఎనిమిదేళ్ళుగా.

"ఎక్కడ ఆపాను?"

"మీ అత్త బీరువా తాళంచెవి మింగేసింది."

"మింగలేదే, మింగానంది. డాక్టరు దగ్గరికి పోదాం పద అన్నాను. అంతే, దిండు కింద దొరికిందట!"

ఐదుగురూ కళ్ళు మూసుకునే నవ్వేవాళ్ళు. తర్వాత పెద్దమ్మ "ఎత్తండి" అనేది. మళ్ళీ సీసాలు. మధ్యమధ్యలో కంపెనీ వాళ్ళే కావాలని చెడ్డ సీసాలు కలిపి పంపి పరీక్ష పెట్టేవాళ్ళు. వందలో తొంభై ఆరుకు తగ్గకుండా ఆ బల్ల పట్టేది. ఇంకే కంపెనీలోనూ అంత లేదని పాత మేనేజరు చెప్పుకునేవాడు. ఆయనకు ఆ రెండు నిమిషాల సంగతి తెలుసు. వరండాలో పోతూ, వాళ్ళు కళ్ళు మూసుకుని ఉంటే చెప్పులు చప్పుడు కాకుండా నడిచేవాడు.

ఆయన రిటైరయ్యాక వచ్చినతన్ని మేం గడియారం అని పిలిచేవాళ్ళం. మూడో రోజే అద్దం అవతల నిలబడి ఫోన్లో ఫోటో తీశాడు. పట్టపగలు, పనివేళలో, కళ్ళు మూసుకున్న ఐదుగురు ఆడవాళ్ళు. ఆ ఫోటో పెద్దాఫీసుకు వెళ్ళింది. తర్వాత గడియారం లోపలికి వచ్చి బల్ల మీద కాగితం పెట్టి లెక్క చెప్పాడట. రోజుకు ఇరవైరెండు సార్లు, సారికి రెండు నిమిషాలు, ఐదుగురు. మొత్తం దాదాపు నాలుగు గంటలు.

"నిద్రపోవడానికి జీతం ఇవ్వడం లేదమ్మా."

"నిద్ర కాదు సార్. ఆగకపోతే చూపు పాసిపోతుంది. సీసా చేతిలో ఉంటుంది, కళ్ళు తెరిచే ఉంటాయి, కానీ ఏమీ కనబడదు."

"మీ వయసుకు కళ్ళజోడు మార్చుకోవాలేమో చూపించుకోండి."

మిగతా నలుగురూ బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. మర్నాటి నుంచి రెండు నిమిషాలు లేవు. ఆ నెలలో చూసిన సీసాలు ఐదోవంతు పెరిగాయి. గడియారం ఆ అంకెను పైకెక్కే గీతగా గీయించి, గేటు దగ్గర అద్దాల పెట్టెలో పెట్టించాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయనకు మా సంతోషం మీద కూడా శ్రద్ధ ఉండేది. పని దిగే దారిలో ఒక బోర్డు పెట్టించాడు. దాని కింద మూడు డబ్బాల్లో గుండ్రటి స్టిక్కర్లు. పచ్చది నవ్వే ముఖం, పసుప్పచ్చది ఎటూ కాని ముఖం, ఎర్రది ఏడుపు ముఖం. ప్రతి ఒక్కరూ తన పేరు ఎదురుగా రోజూ ఒకటి అంటించి వెళ్ళాలి. ఎర్రది అంటించినవాళ్ళు ఆగాలి. సంక్షేమాధికారి అనే అమ్మాయి గంటసేపు కూర్చోబెట్టి వాళ్ళ బాధ వింటుంది. ఈలోగా కంపెనీ బస్సు వెళ్ళిపోతుంది. తర్వాత బస్సు కావాలంటే నాలుగు కిలోమీటర్లు నడవాలి.

రెండో వారం నుంచి బోర్డంతా పచ్చ.

పెద్దమ్మకు నెలన్నరలో తలనొప్పి మొదలైంది. ఇంట్లో బియ్యంలో రాయి ఏరబోయి మంచి గింజలు పారేసేది. గ్లాసు బల్ల అంచు మీద పెట్టి, పెట్టాననుకుని వదిలేసేది. ఒకరోజు మెట్టు ఒకటి తక్కువనుకుని పడబోతే పట్టుకున్నాను.

"ఎర్రది అంటించు పెద్దమ్మా. ఒక్కసారైనా వాళ్ళకు తెలియాలి కదా."

"వాళ్ళకు తెలియక కాదురా."

అయినా నా పోరు పడలేక ఒకరోజు ఎర్రది అంటించింది. ఆ గదిలో ఏం జరిగిందో చెబుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ అమ్మాయి అంతా విని, కాగితం మీద "దృక్పథంలో సానుకూలత తక్కువ" అని రాసుకుందట. తర్వాత మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, పాట పెట్టి, "ఇప్పుడు పది నిమిషాలు కళ్ళు మూసుకోండి ఆంటీ, ఒత్తిడి పోతుంది" అందట.

"ఈ పదీ పగలు పంచి ఇవ్వకూడదా అమ్మా అన్నాను. నా పరిధిలో లేదాంటీ అంది పాపం" అని పెద్దమ్మ పాదాలు పట్టుకుని కూర్చుంది. నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చింది మరి.

మర్నాడు బల్ల దగ్గర రేడియో, "నీకు పిచ్చా అక్కా? పచ్చది అంటిస్తే బస్సు, ఎర్రది అంటిస్తే పాదయాత్ర. ఇందులో ఆలోచించేదేముంది?" అందట. ఆ రోజు నుంచి పెద్దమ్మ కూడా మళ్ళీ పచ్చదే. మా ఫ్యాక్టరీకి ఉద్యోగుల సంతోషంలో మొదటి స్థానం వచ్చింది. గడియారానికి గాజు బహుమతి ఇచ్చారు. దాన్ని మాత్రం వెలుతురులో పెట్టి ఎవరూ చూడలేదు.

ఐదో నెలలో ఒక ఆస్పత్రి నుంచి ట్రే తిరిగి వచ్చింది. సూదిలోకి మందు ఎక్కించబోతూ నర్సు అడుగున మెరుపు చూసిందట. ఆమె చూడబట్టి సరిపోయింది. గాజు తునక. ట్రే మీద నాలుగో నంబరు ముద్ర.

పెద్దమ్మ ఆ సీసాను చేతిలోకి తీసుకుని, తలకిందులు చేసి, తిప్పి చూసింది. తునక తళుక్కుమంది.

"ఇది నా చేతిమీదుగానే పోయింది" అంది.

విచారణలో గడియారం, పెద్దాఫీసు నుంచి వచ్చిన ఒకాయన కూర్చున్నారు. టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. నా నిర్లక్ష్యం వల్ల లోపం జరిగింది, అని. సంతకం పెడితే అట్టపెట్టెలు మడిచే పనిలోకి మారుస్తారు. పెట్టకపోతే ఉద్యోగం ఉండదు. పెద్దమ్మకు ఆ రెండు దారుల మీదా పట్టింపు లేదు. ఆ కాగితంలో కారణం సరిగ్గా రాయాలి, అంతే. నిర్లక్ష్యం తీసేసి, విరామం ఆపేశాక కళ్ళు అలిసిపోవడం వల్ల, అని రాయమంది. పందొమ్మిదేళ్ళ పనికి చివర మిగిలేది ఆ ఒక్క మాటేనని ఆమెకు తెలుసు.

"అలసట అని రాస్తే అది కంపెనీ తప్పవుతుందమ్మా" అన్నాడు పెద్దాఫీసాయన, చాలా మర్యాదగా.

"అవుతుంది కదండీ మరి."

"మీకు అంత ఇబ్బందిగా ఉంటే తొంభై పచ్చ ముఖాలు ఎందుకు అంటించారు?" అన్నాడు గడియారం.

"బస్సు కోసం సార్."

వాళ్ళకది వెటకారంలా వినిపించింది. మిగతా నలుగుర్నీ ఒక్కొక్కరినే పిలిచి అడిగారు. నలుగురూ నీళ్ళు నమిలారు, నమిలి మింగారు. మాకు కళ్ళకు ఎలాంటి ఇబ్బందీ లేదు, విరామం మేం ఎప్పుడూ అడగలేదు, అని ఉన్న కాగితం మీద నలుగురూ సంతకాలు పెట్టారు. రేడియో సంతకం అన్నిటికన్నా పైన.

పెద్దమ్మ తన కాగితం మీద సంతకం పెట్టలేదు. ఆ మధ్యాహ్నమే కోటు, టోపీ విప్పించుకుని గేటు బయటికి పంపించారు. నేను ప్యాకింగులోంచి చూశాను. నేను మానెయ్యలేదు. మానేస్తానని ఇంట్లో రంకెలు వేశాను, మర్నాడు అదే బస్సు ఎక్కాను. ఆ సాయంత్రం నేను అంటించింది కూడా పచ్చదే.

తర్వాత ఆరు నెలల్లో ఇంకో మూడు ట్రేలు తిరిగి వచ్చాయి. మూడింటి మీదా మూడు వేరువేరు నంబర్లు. గాజు తునకలకు పెద్దమ్మ మీద ప్రత్యేకమైన అభిమానమేమీ లేదని అప్పుడు తెలిసింది. కలిపి పంపే చెడ్డ సీసాల్లో అరవై కూడా పట్టలేకపోతున్నారు. రెండు పెద్ద ఆస్పత్రులు మా సరుకు మానేశాయి. అప్పటికే గడియారం ఇంకా పెద్ద ఫ్యాక్టరీకి ఇంకా పెద్ద కుర్చీలోకి వెళ్ళిపోయాడు. మొదటి నెల గీసిన గీత చూసి ఇచ్చారట ఆ కుర్చీ. ఆ గీత తర్వాత ఎటు దిగిందో చూసేంత ఓపిక ఎవరికుంది? ఎద్దు పుండు కాకికి ముద్దా? చివరికి నలుగుర్నీ నిర్లక్ష్యం కిందే తీసేసి, వాళ్ళ చోట కొత్తవాళ్ళను కూర్చోబెట్టారు.

ఒక ఆదివారం పొద్దున రేడియో మా ఇంటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా, రెప్పలు వాచి ఉన్నాయి. గడప దగ్గరే నిలబడింది.

"లోపలికి రావే" అంది పెద్దమ్మ.

"రాలేనక్కా. ముందు నాలుగు తిట్టు, తర్వాత వస్తాను."

"తిట్టడానికి కూడా నాకు ఓపిక లేదు. వచ్చి కూర్చో."

కార్మికాధికారి దగ్గర నలుగురూ ఫిర్యాదు చేశారట. విరామం ఆపేసి కళ్ళు పాడుచేశారని, తప్పు తమది కాదని. దానికి సాక్ష్యం కావాలి. ఆ బల్ల దగ్గర పందొమ్మిదేళ్ళు కూర్చున్నది పెద్దమ్మ ఒక్కతే.

"సిగ్గులేదా అడగడానికి?" అని నేను లోపల్నుంచి అరిచాను.

"ఉంది బాబూ. దాన్ని ఇంట్లో పెట్టి వచ్చాను" అంది రేడియో.

పెద్దమ్మ నన్ను చూసి, "నువ్వు ఊరుకో. నేను వద్దంటే జరిగింది జరగలేదని నేను కూడా చెప్పినట్టే కదా" అంది.

నేనే తీసుకెళ్ళాను. చిన్న గది, ఫైళ్ళ మధ్య అధికారి, ఎదురుగా కంపెనీ తరఫు మనిషి, గోడ పక్కన నలుగురూ. పెద్దమ్మ నిలబడి అంతా చెప్పింది. సీసా ఎలా పట్టుకోవాలో, ఎన్ని నిమిషాలకు చూపు పాసిపోతుందో, ఏ తేదీన ఆపారో, తర్వాత ఎన్ని దొరకలేదో. ఎక్కడా గొంతు పెంచలేదు. అధికారి మొదట వాచీ చూసుకుంటూ విన్నాడు, తర్వాత కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి నాకు ఆశ పుట్టింది. నలుగురి ముఖాల్లోకీ రక్తం వచ్చింది.

అప్పుడు కంపెనీ మనిషి ఫైలు తెరిచి ఒక కాగితం బల్ల మీద ముందుకు జరిపాడు. అధికారి చదివి, తలెత్తి రేడియోను చూశాడు.

"ఈ పైన ఉన్న సంతకం మీదేనా?"

రేడియో కాగితం మీదికి వంగి చూసింది.

"మీదేనా అమ్మా?"

"నాదే సార్, కానీ అప్పుడు..."

"కళ్ళకు ఇబ్బంది లేదని మీ నలుగురూ రాసిచ్చారు. ఉందని సాక్ష్యం చెబుతున్న ఆవిణ్ణి ఈ కారణానికే తీసేశారు. ఆవిడకు కంపెనీ మీద కోపం ఉండటం సహజం. దీన్ని నేనేం చెయ్యను?" అంటూ రాసుకున్న పేజీ మీద అడ్డంగా గీత కొట్టాడు. చెడ్డవాడిలా కనిపించలేదు. ఇంకా పదిమంది బయట బెంచీ మీద ఉన్నారు.

కిందికి దిగుతూ రేడియో మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. "ఆ రోజే నువ్వు మా చెంపలు పగలగొట్టి ఉండాల్సిందక్కా. అప్పుడైనా సంతకం పెట్టకపోదుమేమో."

"పెట్టేవాళ్ళే" అంది పెద్దమ్మ. "చెంప రుద్దుకుంటూ పెట్టేవాళ్ళు."

అని, నా భుజం పట్టుకుని మిగిలిన మెట్లు దిగింది.